వానకు ముందు కట్టాల్సిన గోడ



మన మాస్టారు భూగర్భశాస్త్రం బోధించారు. ఆయన పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసంలో రాళ్ళ గురించి కాకుండా తేదీల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాసేపు ఏమీ అనలేదు. గనుల యజమానులు రాసిచ్చే పర్యావరణ ప్రణాళికలు, వాటిలోని గడువులు, గడువు దాటాక జరగాల్సింది, జరుగుతున్నది... ఇదీ ఈ పూట నా విషయం. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గనుల ఫైళ్ళ మధ్య గడిపినవాణ్ణి, నాకు తెలిసింది ఇదే. మాస్టారు కూడా రాయి పుట్టుక చెప్పి ఊరుకునేవారు కాదు. ఆ రాయి తవ్వుకుపోయాక మిగిలిన గుంత ఎవరి బాధ్యత అని క్లాసులోనే అడిగేవారు.

మన దేశంలో ఇనుప ఖనిజం గని గానీ సున్నపురాయి గని గానీ నడవాలంటే ముందు మైనింగ్ ప్లాన్ కావాలి. దాన్ని ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ ఆమోదించాలి. అందులో భాగంగా గని మూసివేత ప్రణాళిక కూడా ఉంటుంది. దాన్ని అయిదేళ్ళకోసారి సమీక్షించి తిరగరాయాలి. ఇది కాక 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి, అందరూ ఈసీ అనే కాగితం, దాని వెంట షరతుల చాంతాడు. కాలుష్య నియంత్రణ మండలి కన్సెంటు వేరే. ఏ ఏడాది ఎంత తవ్వుతారు, పైన తీసిన మట్టీ రాయీ, గనుల్లో ఓబీ అంటారే, అది ఎక్కడ పోస్తారు, డంపు పాదాన గోడ ఎప్పుడు లేస్తుంది, చుట్టూ కాలువ ఎప్పుడు తవ్వుతారు, మొక్కలు ఎన్ని, ఎక్కడ... అన్నీ ఏడాదివారీగా రాసి ఉంటాయి. చదివితే ముచ్చటేస్తుంది. కన్సల్టెంట్లు రంగు మ్యాపులు కూడా జతచేస్తారు.

ఈ పనుల్లో వరస ముఖ్యం. డంపు పోయకముందే దాని కింద గోడ ఉండాలి. గోడ వెనక కాలువ, కాలువ చివర మట్టి నిలిచే గుంట ఉండాలి. అవన్నీ వానలకు ముందే పూర్తి కావాలి. మార్చిలో కట్టాల్సిన గోడ డిసెంబరులో కడితే ఫైలులో అది తొమ్మిది నెలల జాప్యం. నోట్ షీటులో ఒక వాక్యం. కింద చెరువున్న ఊరికి మాత్రం ఆ లెక్క వర్తించదు. ఆ ఏడాది వానకి డంపు మట్టి జారి చెరువులోకి చేరింది, తూము పూడింది, ఆయకట్టులో చివరి మళ్ళకి నీళ్ళు అందలేదు. డిసెంబరులో కట్టిన గోడ ఆ మట్టిని వెనక్కి తేలేదు. పైమట్టి సంగతీ అంతే. తవ్వేముందు దాన్ని వేరుగా తీసి, వేరుగా పోసి, పూడ్చిన చోట మళ్ళీ పరచాలన్నది నిబంధన. పరచడం ఏళ్ళ తరబడి వాయిదా పడితే ఆ కుప్పలో గడ్డి మొలిపించే సత్తువ తగ్గిపోతుంది. ఈ తేదీలు గుమాస్తాలు సరదాకి వేసినవి కావు. వాటి వెనక రుతువులున్నాయి. వానాకాలం మాత్రం ఎవరికీ పొడిగింపు ఇవ్వదు.

పని జరిగిందో లేదో చెప్పడానికి నివేదికలున్నాయి. ఈసీ షరతుల అమలు మీద ఏటా జూన్ 1న, డిసెంబరు 1న అర్ధవార్షిక నివేదిక ఇవ్వాలి. మూసివేత ప్రణాళిక ప్రకారం చేసిన రక్షణ, పునరుద్ధరణ పనుల మీద జూలై 1 లోగా వార్షిక నివేదిక ఇవ్వాలి. రెండోదాని విషయంలో నిబంధన ఒక చిత్రమైన వెసులుబాటు ఇచ్చింది: ప్రణాళికకూ పనికీ తేడా ఉంటే కారణాలు తెలపాలట. కారణాలకు మన దగ్గర కొదవేముంది? కూలీలు దొరకలేదు, భూమి అందుబాటులో లేదు, మార్కెట్ బాగాలేదు, వర్షాలు ఎక్కువయ్యాయి, వర్షాలు రాలేదు. ఒకే గనికి వరస సంవత్సరాల్లో చివరి రెండు కారణాలూ రాసిన నివేదికలు నా బల్ల మీదికి వచ్చాయి.

ఇదే గనుల యజమానులు మరో గడువును మాత్రం తప్పరు. తవ్వకం, అమ్మకం లెక్కలతో నెలవారీ రిటర్ను మరుసటి నెల 10వ తేదీలోగా ఆన్‌లైన్లో వేయాలి. అది మాత్రం వేళకి వచ్చేస్తుంది. కారణం భక్తి కాదు. రిటర్ను వేయకపోతే గని పని ఆపించవచ్చు, పర్మిట్ ఆగిపోవచ్చు. పర్మిట్ లేనిదే లారీ వేబ్రిడ్జి దాటదు. కరెంటు బిల్లు గడువు దాటితే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేస్తాడు కాబట్టే మనందరం బిల్లు వేళకి కడుతున్నాం. గోడ కట్టని గనికి ఫ్యూజు పీకేవాడు లేడు. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్కటే: గడువు దాటగానే ఏదో ఒకటి దానంతటదే ఆగిపోవాలి. ఆగకపోతే దాన్ని గడువు అనకూడదు.

గడువు దాటితే గనిని ఆపే తాళం చట్టంలో లేకపోలేదు. ఖనిజ పరిరక్షణ, అభివృద్ధి నిబంధనల్లో మంచి ఏర్పాటు ఒకటుంది. 1988 నాటి నిబంధనల్లోనూ ఉంది, 2017లో తిరగరాసిన వాటిలోనూ నిలిచింది. ఆమోదించిన ప్లాన్ ప్రకారం పని జరగకపోతే అధికారి తవ్వకం మొత్తాన్ని గానీ కొంత భాగాన్ని గానీ ఆపించి, గనిని ప్లాన్‌లో చెప్పిన స్థితికి తెచ్చే పనులను మాత్రమే సాగనివ్వవచ్చు. అంటే ప్రొక్లెయిన్లు, టిప్పర్లు అక్కడే ఉంటాయి, కూలీలూ ఉంటారు. ఖనిజం తీయడానికి బదులు డంపు సరిచేస్తారు, కాలువ తవ్వుతారు. ఇంత తెలివైన నిబంధన రాసినవారెవరో గానీ చేయెత్తి నమస్కరించాలి. అయితే నేను చూసినంతలో వ్యవహారం ఎక్కువగా నోటీసు దగ్గరే ఆగేది. నోటీసుకు జవాబు, జవాబులో కొత్త తేదీ, ఆ తేదీకి మరో నోటీసు.

ఈ తాళాన్ని నిజంగా వేసి చూసిన సందర్భం మన సరిహద్దులోనే ఉంది. అది కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

బళ్ళారి, అనంతపురం జిల్లాల మధ్య ఇనుప కొండల కథ మీకు రాజకీయ కథగా తెలుసు. డి. హీరేహాళ్ మండలంలోని ఓబుళాపురం పేరు పత్రికల్లో ఎంతగా నలిగిందో చెప్పనక్కర్లేదు. ధార్వాడకు చెందిన సమాజ్ పరివర్తన సముదాయ అనే సంస్థ అక్రమ తవ్వకాల మీద 2009లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2011 జూలై 27న కర్ణాటక లోకాయుక్త సంతోష్ హెగ్డే నివేదిక వచ్చింది. రెండు రోజులకే, జూలై 29న, బళ్ళారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాన్ని కోర్టు ఆపేసింది. ఆగస్టులో చిత్రదుర్గ, తుమకూరు జిల్లాలకూ ఆ ఆపుదల వర్తించింది. ఉక్కు మిల్లులు మూతపడకుండా, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎన్‌ఎండీసీకి మాత్రం నెలకు 10 లక్షల టన్నుల దాకా తవ్వడానికి అనుమతించారు.

మొత్తం 166 లీజులను సర్వే చేయించి మూడు తరగతులు చేశారు. హద్దు దాటనివి, నామమాత్రంగా దాటినవి ఏ. కొంత మేర దాటినవి బీ. బాహాటంగా దాటినవి సీ. సీ తరగతి లీజులు 2013 ఏప్రిల్ 18 తీర్పుతో రద్దయ్యాయి. నాకు అసలు ముఖ్యమనిపించేది మిగతా రెండు తరగతుల విషయంలో కోర్టు పెట్టిన షరతు. ప్రతి గనికీ విడివిడిగా పునరుద్ధరణ, పునరావాస ప్రణాళిక ఉండాలి. దాన్ని గని యజమాని నియమించుకున్న కన్సల్టెంటు కాకుండా, డెహ్రాడూన్‌లోని భారత అటవీ పరిశోధన, విద్యా మండలి తయారుచేయాలి. దాని అమలు నేల మీద మొదలుకానిదే తవ్వకం మొదలుకాదు. హద్దు దాటి తవ్విన గుంతలకు హెక్టారుకు 5 కోట్ల రూపాయలు, హద్దు దాటి పోసిన డంపులకు హెక్టారుకు కోటి రూపాయలు బీ తరగతి వారి నుంచి పరిహారం. ఏటా ఎంత తవ్వవచ్చనేది కూడా నిల్వలను బట్టి మాత్రమే తేల్చలేదు. డంపు పోయడానికి స్థలం ఎంతుంది, రోడ్డు ఎన్ని లారీలను మోయగలదు అన్నవీ లెక్కలోకి వచ్చాయి. ఈ చివరి సంగతి విని మాస్టారు సంతోషించేవారు. కొండలో ఎంత ఖనిజం ఉందన్నదే కాదు, ఆ లోయ ఎంత భరించగలదన్నదీ భూగర్భశాస్త్రమే అని ఆయన నమ్మకం.

ఏం జరిగింది? ఏళ్ళ తరబడి స్థలం లేదు, కూలీలు లేరు అని రాసిన చోట్లే పనులు మొదలయ్యాయి. డంపుల కింద గోడలు లేచాయి, వాగులకు చెక్‌డ్యాములు పడ్డాయి. 2012 సెప్టెంబరులో మొదటి విడతగా 18 ఏ తరగతి గనులు తిరిగి తెరుచుకున్నాయి. మిగతావి షరతులు తీర్చిన వరసలో. అంతకుముందు వారికి చేతకాకపోవడం కాదు, చేయకపోయినా లారీ కదిలేది. తేడా అంతా అక్కడే ఉంది. బళ్ళారి వాగులు చివరికి తుంగభద్రలో కలిసేవే. తుంగభద్ర నీళ్ళ మీద కర్నూలు, అనంతపురం రైతులు బతుకుతున్నారు. కాబట్టి అది కన్నడం వాళ్ళ వ్యవహారం అని మనం అనుకోనక్కర్లేదు.

ఈ కథకు మరో వైపు కూడా ఉంది. గనుల ఆదాయం నుంచి కోసి, ప్రాంతం మొత్తానికి నీరు, వైద్యం, రోడ్లు, అడవి బాగుచేయడానికి ఒక నిధి పెట్టారు. ఆ నిధి వేల కోట్లకు పెరిగింది. ఖర్చు పర్యవేక్షణకు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి, మన తెలుగువారు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి గారిని నియమించేసరికి 2022 వచ్చింది. గని యజమాని మీద అంత గట్టిగా పనిచేసిన గడువు సర్కారు దగ్గరికి వచ్చేసరికి, 2013 తీర్పు నుంచి లెక్కేస్తే, తొమ్మిదేళ్ళు సాగింది. దుమ్ము పీల్చిన ఊళ్ళు ఎదురుచూస్తూనే ఉన్నాయి. యజమానికి తేదీ పెట్టే అధికారికి కూడా ఒక తేదీ ఉండాలనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. నివేదిక అందిన ఎన్ని రోజుల్లో గనికి వెళ్ళి చూడాలి, చూసిన ఎన్ని రోజుల్లో రాయాలి అన్నది నిర్ణయించకపోతే మొదటి గడువూ నిలవదు. చూసేవారు సరిపడా లేరన్నదీ నిజమే. కాగ్ 2016 నాటి 39వ నివేదిక పర్యావరణ అనుమతులు, వాటి తరవాతి పర్యవేక్షణ గురించే. మంత్రిత్వ శాఖ ప్రాంతీయ కార్యాలయాల్లో సిబ్బంది కొరతను అది ఎత్తిచూపింది.

డబ్బు సంగతి. గని మూసేటప్పుడు యజమాని చేతులెత్తేస్తే సర్కారైనా ఆ పని చేయించడానికి ముందే ఆర్థిక పూచీ, అంటే గ్యారంటీ, తీసుకోవాలని 2003లో నిబంధన తెచ్చారు. అప్పట్లో ‘ఏ’ కేటగిరీ గనికి (బళ్ళారిలో కోర్టు చేసిన తరగతి కాదు, నిబంధనల్లోని కేటగిరీ) హెక్టారుకు 25,000 రూపాయలు. 2017లో 3 లక్షలు, 2021 నవంబరులో 5 లక్షలు చేశారు. ఈ 5 లక్షలను బళ్ళారిలో కోర్టు వేసిన 5 కోట్ల పక్కన పెట్టి చూడండి. ఒకటి పూచీ, మరొకటి పరిహారం, రెండూ ఒకే రకానివి కావు, ఒప్పుకుంటాను. అయినా నూరు రెట్ల తేడాని అది మొత్తంగా వివరించలేదు. గుంత పూడ్చడానికయ్యే ఖర్చు కంటే గ్యారంటీ తక్కువైతే, దాన్ని వదిలేసుకుని వెళ్ళిపోవడమే యజమానికి లాభం. బొగ్గు గనులకు 2013 నాటి మార్గదర్శకాలు ఇంతకన్నా నయంగా ఉండేవి. ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షల లెక్కన ఏటేటా పెంచుతూ ఎస్క్రో ఖాతాలో వేయించి, అయిదేళ్ళకోసారి పని చూసి 80 శాతం దాకా తిరిగి ఇచ్చే పద్ధతి పెట్టారు. చేసినవాడికి డబ్బు వెనక్కి వస్తుందన్న ఆశ కూడా గడువును నిలబెడుతుంది.

శిక్షల వైపు చూస్తే గాలి ఎదురు దిశలో వీస్తోంది. పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఉన్న అయిదేళ్ళ దాకా జైలు శిక్షను 2023 నాటి జన విశ్వాస్ చట్టం తీసేసింది. దాని స్థానంలో 10,000 నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా, 2024 ఏప్రిల్ 1 నుంచి. ఆ జైలు ఎవరినీ పెద్దగా భయపెట్టలేదు గనుక దాని కోసం నేను కన్నీరు కార్చను. కానీ పెద్ద గనికి 15 లక్షలంటే వ్యాపార ఖర్చుల్లో ఒక పద్దు.

గడువు నిలవకపోతే ఏమవుతుందో చూడాలంటే కోలారు బంగారు గనులకు వెళ్ళిరండి. భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. అదే సంస్థ నడిపిన మన రామగిరి, కుప్పం దగ్గరి చిగురుగుంట గనులూ అప్పుడే ఆగాయి. మూసివేత ప్రణాళిక తప్పనిసరి చేసిన నిబంధన వచ్చింది 2003లో. రెండేళ్ళు ఆలస్యం. కోలారులో మూడు కోట్ల టన్నులకు పైగా మిల్లు వ్యర్థం సైనైడ్ దిబ్బలన్న పేరుతో ఊరి మధ్యే ఉండిపోయింది. ఎండాకాలం గాలికి ఆ తెల్లటి పొడి ఇళ్ళలోకి వస్తుంది. ఆ ఇళ్ళలో తమిళం వినిపిస్తుంది, తెలుగూ వినిపిస్తుంది.

ఇక పొడిగింపులు. అనుమతి లేకుండా పని మొదలుపెట్టినవారు వచ్చి క్రమబద్ధం చేయించుకోమని 2017 మార్చి 14న కేంద్రం ఆరు నెలల కిటికీ తెరిచింది. మరుసటి ఏడాది మళ్ళీ నెల రోజులు. 2021 జూలైలో వచ్చిన మెమోకైతే ముగింపు తేదీయే లేదు. 2025 మే 16న సుప్రీంకోర్టు వనశక్తి కేసులో వీటిని కొట్టేసింది. నవంబరు 18న ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో ఆ తీర్పునే వెనక్కి తీసుకుంది. జస్టిస్ ఉజ్జల్ భుయాన్ విభేదించారు. చిన్న క్వారీల కథ ఇంకోలా నడిచింది. 2016-18 మధ్య జిల్లా స్థాయి కమిటీలు ఇచ్చిన అనుమతులను రాష్ట్ర స్థాయిలో మళ్ళీ పరిశీలించుకోవాలని 2023 ఏప్రిల్‌లో ఏడాది గడువిచ్చారు. అది జరుగుతూ జరుగుతూ సుప్రీంకోర్టు చేతుల మీదుగా 2025 మార్చి 31 దాకా వచ్చింది. ఇందులో క్వారీ యజమానుల తప్పొక్కటే లేదు. ఫైలు కదలాల్సింది కార్యాలయంలో కూడా. అయితే తొలి రోజే పరుగెత్తి కాగితాలు పూర్తిచేసుకున్న యజమాని ఇదంతా చూసి ఏం నేర్చుకుంటాడు? మరోసారి తొందరపడకూడదని.

పని ఆపితే కూలీల పొయ్యిలో పిల్లి లేవదు కదా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 2011లో బళ్ళారి దారుల వెంట ఆగిన లారీలు, పనిలేని డ్రైవర్లు, మూతపడ్డ హోటళ్ళు కట్టుకథ కాదు. నా జవాబు ఇందాకటి నిబంధనలోనే ఉంది. మొత్తం ఆపనక్కర్లేదు. ఖనిజం పర్మిట్ ఆపి, బాగుచేసే పని చేయించాలి, ఆ రోజుల కూలీ యజమానే ఇవ్వాలి. అదీ గోడ కట్టని మొదటి నెలలోనే ఆపితే నష్టం నెలదే. పదేళ్ళు వదిలేసి ఒక్కసారిగా కోర్టు ఆపితే జిల్లా మొత్తం ఆగుతుంది. కూలీని వీధిన పడేసింది కోర్టు ఉత్తర్వు అని చాలామంది అంటారు. దానికి ముందు గడిచిన పదేళ్ళని నేనంటాను. నాపరాయి, గ్రానైట్ చిన్న క్వారీల వారు కన్సల్టెంటును పెట్టుకోలేమంటే అదీ న్యాయమే. పక్కపక్కన ఉన్న క్వారీలన్నిటికీ కలిపి ఒకే డంపు యార్డు, ఒకే ప్రణాళిక ప్రభుత్వమే తయారుచేసి, ఖర్చు పంచాలి. తేదీ మాత్రం అందరికీ ఉండాలి.

పర్మిట్లు ఇప్పుడు కంప్యూటర్లోనే పుడుతున్నాయి. ప్లాన్‌లో గోడ పూర్తి కావాల్సిన తేదీని అదే కంప్యూటర్లో ఎక్కించి, ఫొటో, తనిఖీ నివేదిక చేరకపోతే మరుసటి నెల పర్మిట్ పుట్టకుండా చేయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఇసుకకీ కంకరకీ రాయల్టీ ఎగవేస్తే పట్టుకునే సాఫ్ట్‌వేరు తయారుచేసుకున్నాం. చెరువు పూడితే పట్టుకునేది తయారుచేయలేమా? తేదీ పొడిగించాలంటే ఎవరు, ఎందుకు పొడిగించారో గ్రామసభకు రాతపూర్వకంగా చెప్పాలి. తవ్వకం ఆగాక ఆ నేలలో మళ్ళీ గడ్డి మొలిపించాలని 2020 జనవరి 8న సుప్రీంకోర్టు చెప్పింది. గొర్రెలు మేసేదాకా గ్యారంటీ తిరిగి ఇవ్వకూడదు.

విద్యార్థులకు ఒక్క మాట. మీ ఊరి పక్కన గని ఉంటే దాని ఈసీ ప్రతి పంచాయతీలో ఉండాలి, అడగండి. అనుమతి వచ్చిన సంగతి స్థానిక భాషా పత్రికలో ప్రకటించడం కూడా యజమాని విధి. ఆ కాగితం చివర ఉండే షరతులు ఇంగ్లీషులో ఉంటాయి. మీరు చదివి తెలుగులో గ్రామసభలో వినిపించండి. గోడ ఎక్కడ ఉండాలో చూడండి, ఉంటే ఉందని రాయండి, లేకపోతే ఫొటో తీసి, తేదీ వేసి, కాలుష్య నియంత్రణ మండలికీ గనుల శాఖకీ పంపండి. ప్రతులు దాచుకోండి. గనుల యజమానులు ఇవ్వాల్సిన అర్ధవార్షిక నివేదికలకు గడువులు జూన్ 1, డిసెంబరు 1.